రోహుకు పొలుసులు ఎందుకు ఉన్నాయి, జెల్లకు ఎందుకు లేవు?

ప్రశ్న
అడిగినవారు: కొర్లగుంట గృహిణి, తిరుపతి

అందరికీ నమస్కారం. ఆదివారం చేపలు తెచ్చుకుని ఇంట్లోనే శుభ్రం చేసుకోవడం మాకు అలవాటు. పోయిన వారం రెండు కిలోల రోహు ఒకటి, అర కిలో జెల్లలు తెచ్చాము. రోహును తోక వైపు నుంచి తల వైపుకు కత్తి వెనుక అంచుతో గీకుతుంటే పొలుసులు నలువైపులా ఎగిరిపడ్డాయి. వాటిలో ఒకటి పక్కనే కూర్చున్న మా అమ్మాయి చెంపకు అంటుకుంది. జెల్లలకు మాత్రం గీకడానికి ఏమీ లేదు. గల్లుప్పు, బూడిద వేసి బండ మీద రుద్దితే జిగురు వదిలింది, అంతే.

మా అమ్మాయి ఎనిమిదవ తరగతి చదువుతోంది. చెంప మీది పొలుసును తీసి వెలుతురుకు అడ్డంగా పట్టుకుని, "అమ్మా, రెండూ నీళ్లలోనే ఉంటాయి కదా, దీనికి ఇన్ని పొలుసులు ఎందుకు, దానికి ఒక్కటీ లేదెందుకు?" అని అడిగింది. నాకు తెలిసిన జవాబు రక్షణ కోసమని మాత్రమే. "అయితే జెల్లకు రక్షణ అక్కర్లేదా?" అని వెంటనే మరో ప్రశ్న వేసింది. మా అత్తగారు సొర చేపకు కూడా పొలుసు ఉండదని అంటారు, కాని సొర పుట్టు చేసే ముందు ఆవిడే దాని మీద వేడినీళ్లు పోసి ఇసుకలాంటి పొరను గీకి తీసేస్తారు. ఆ ఇసుక ఏమిటి? పొలుసు మీద కనిపించే సన్నని గీతలను బట్టి చేప వయసు చెప్పవచ్చని ఎక్కడో విన్నాను. అదీ నిజమేనా? తెలిసినవారు కొంచెం వివరంగా చెబితే అమ్మాయికి చదివి వినిపిస్తాను.

జవాబు 1
రాసినవారు: విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు, తిరుపతి

అమ్మా, మీ అమ్మాయి వేసిన రెండవ ప్రశ్న చాలా మంచిది. "అయితే జెల్లకు రక్షణ అక్కర్లేదా?" అని నేను పాఠం చెప్పిన రోజుల్లో డిగ్రీ విద్యార్థులు కూడా అరుదుగా అడిగేవారు. అందుకని కాస్త నిదానంగా రాస్తున్నాను.

ముందుగా ఒక అపోహ తొలగించాలి. పొలుసు అనేది చర్మం మీద పైనుంచి అతికించినట్లు ఉండే వస్తువు కాదు, చర్మం లోపలే పుట్టి లోపలే పెరిగేది. రోహు పొలుసును మొదలంటా పెరికి చూస్తే, దాని ముందు భాగం అంతశ్చర్మంలోని చిన్న సంచిలో దిగి ఉంటుందని, వెనుక భాగం మాత్రమే బయటకు కనిపిస్తుందని తెలుస్తుంది. ఆ కనిపించే భాగం మీద కూడా పలుచని బాహ్యచర్మం, దాని మీద జిగురు కప్పి ఉంటాయి. కాబట్టి మనం పొలుసు తీస్తున్నామంటే చేప పైచర్మాన్ని కూడా చించుతున్నామన్నమాట. పెంకుటింటి కప్పు మీద ఒక పెంకు అంచు మరో పెంకు మీదకు వచ్చినట్లు, ప్రతి పొలుసూ తన వెనుక ఉన్న దాన్ని కొంత కప్పుతుంది. ఆ వాలు తల నుంచి తోక వైపుకే ఉంటుంది కనుక చేప ముందుకు ఈదేటప్పుడు నీరు అడ్డు లేకుండా జారిపోతుంది. మీరు తోక వైపు నుంచి గీకినప్పుడు కత్తి ఆ అంచుల కిందికి దూరుతుంది, అందుకే పొలుసులు ఎగిరిపడతాయి.

ఇప్పుడు ఇంట్లోనే చేయదగిన ఒక పరిశీలన చెబుతాను. రోహు పక్కభాగాన మొప్పల వెనుక నుంచి తోక దాకా సన్నని గీత ఒకటి కనిపిస్తుంది. దాన్ని పార్శ్వరేఖ అంటారు. ఆ గీత మీది పొలుసులను ఒక్కొక్కటిగా లెక్కపెడితే సుమారు 40 ఉంటాయి. చిత్రమేమిటంటే, పొలుసులు ఏర్పడిన వేలెడు పిల్లలోనూ, ఐదు కిలోల చేపలోనూ ఈ లెక్క దాదాపు ఒకటే. చేప పెరిగేకొద్దీ కొత్త పొలుసులు రావు, ఉన్నవే పెద్దవవుతాయి. మీరు అడిగిన వయసు సంగతికి ఇదే ఆధారం. ఆ వరుసలోని పొలుసులకు సన్నని రంధ్రాలు కూడా ఉంటాయి. వాటి కింది కాలువలో నీటి కదలికను పసిగట్టే జ్ఞానేంద్రియాలు ఉన్నాయి. బురదనీటిలో కన్ను పనిచేయనప్పుడు కూడా చేప గట్టును, వలను, పక్కనున్న చేపను గుర్తించడానికి అవి తోడ్పడతాయి. అంటే పొలుసు కవచంగా ఉంటూనే కిటికీగా కూడా పనిచేస్తోంది.

రక్షణ అన్నది నిజమే, కాని పూర్తి జవాబు కాదు. పంటి గాటు, రాతి ఒరిపిడి, చేప పేను వంటి పరాన్నజీవులు లోపలికి చేరకుండా పొలుసు, జిగురు కలిసి అడ్డుకుంటాయి. మంచినీటి చేప ఒంట్లో ఉప్పు శాతం చుట్టూ ఉన్న నీటికంటే ఎక్కువ కనుక నీరు ఎప్పుడూ లోపలికి చొరబడాలని చూస్తుంది, చర్మం చెక్కుచెదరకుండా ఉంటేనే ఆ చొరబాటు అదుపులో ఉంటుంది. సముద్రపు చేపకు ఇదే కష్టం తలకిందులుగా ఉంటుంది, దాని ఒంట్లోని నీరు బయటకు పోతుంది. ఇక పొలుసులో ఉన్న కాల్షియం అవసరానికి దాచుకున్న నిల్వ కూడా అవుతుంది. గుడ్లు పెట్టడానికి మేత మాని నదులు ఎదురెక్కే సాల్మన్ చేపల్లో పొలుసుల అంచులు కరిగిపోయి ఆ ఖనిజం శరీరానికి చేరుతుంది. రోహు పక్కల కనిపించే వెండి మెరుపు మాత్రం పొలుసుది కాదు, పొలుసు కింద చర్మంలో పేరుకున్న గ్వానిన్ అనే పదార్థపు పలుచని స్ఫటికాలది. కడిగిన పొలుసు మీ చేతిలో గాజుముక్కలా పారదర్శకంగా ఉండడానికి కారణం అదే.

ఇక జెల్ల విషయం. పొలుసు ఉచితంగా రాదు. దానికి బరువుంది, దాన్ని పెంచడానికి ఖనిజం కావాలి, అది చర్మాన్ని బయటి నీటి నుంచి కొంత వేరు చేస్తుంది. జెల్లలు, వాలుగలు, మార్పు చేపలు ఎక్కువగా అడుగున, బురదలో, రాత్రిపూట తిరిగే చేపలు. అక్కడ కంటికంటే రుచి, స్పర్శ ముఖ్యం. మనకు రుచి నాలుక మీద తెలిసినట్లు ఈ చేపలకు మీసాల మీదనే కాక ఒంటి చర్మం మీద కూడా తెలుస్తుంది, ఆ రుచి మొగ్గలు తలనుంచి తోకదాకా పరచుకుని ఉంటాయి. అటువంటి చర్మాన్ని పొలుసులతో కప్పితే నాలుకకు తొడుగు వేసినట్లే. కొన్ని జాతులు చర్మం ద్వారా కొంత ప్రాణవాయువును కూడా తీసుకుంటాయి. పొలుసు లేని లోటును దట్టమైన జిగురు కొంత తీరుస్తుంది, మిగిలినది ముళ్లు చూసుకుంటాయి. జెల్లను పట్టుకున్నప్పుడు తల పక్కనున్న రెండు ముళ్లు నిటారుగా నిలిచి బిగుసుకుపోవడం మీరు గమనించే ఉంటారు, దాన్ని మింగబోయిన కొంగకు ఆ బాధ ఇంకా బాగా తెలుసు. కాబట్టి జెల్లకు రక్షణ అక్కర్లేక కాదు, అది వేరే దారిలో రక్షణ సంపాదించుకుంది.

అయితే బురదలో ఉండే చేపలన్నీ పొలుసులు వదిలేశాయని అనుకోవద్దు. కొర్రమీను కూడా బురదలోనే ఉంటుంది, నీటిపైకి వచ్చి గాలి పీలుస్తుంది, అయినా దానికి ఒంటినిండా, తలమీద కూడా పొలుసులు ఉన్నాయి. చేప ఏ వంశం నుంచి వచ్చింది అన్నది కూడా అది ఎక్కడ ఉంటుంది అన్నంత ముఖ్యం. జెల్లల వంశంలో పొలుసు ఏనాడో పోయింది. అదే వంశానికి చెంది, దక్షిణ అమెరికా నుంచి వచ్చి మన చెరువులను పట్టి పీడిస్తున్న సక్కర్ చేపకు మళ్లీ కవచం అవసరమైనప్పుడు పోయిన పొలుసు తిరిగి రాలేదు, దాని బదులు చర్మంలో ఎముక పలకలు ఏర్పడ్డాయి.

మీ అత్తగారి సొర మాట ఒక విధంగా సరైనదే, ఎందుకంటే రోహుకు ఉన్నటువంటి పొలుసు దానికి లేదు. కాని వేడినీళ్లతో మీరు గీకి తీసే ఆ ఇసుక నిజానికి వేలాది చిన్న చిన్న పళ్లు. ఒక్కొక్క రేణువులో మన పంటిలో లాగే లోపల గుజ్జు, దాని చుట్టూ డెంటిన్ అనే పంటి గట్టి పదార్థం, పైన గట్టి పింగాణీవంటి పూత ఉంటాయి. వాటిని ప్లేకాయిడ్ పొలుసులు అంటారు. వాటి మొనలన్నీ తోక వైపు వాలి ఉంటాయి కనుక సొర ఒంటిని తల నుంచి తోకకు నిమిరితే నున్నగానూ, ఎదురు నిమిరితే గరుకు కాగితంలాగానూ తగులుతుంది. గరుకు కాగితం లేని కాలంలో వడ్రంగులు ఎండిన సొర తోలుతోనే కొయ్యను నున్న చేసేవారు. రోహుకు భిన్నంగా సొరలో పొలుసు పెరగదు, చేప పెరిగేకొద్దీ మధ్యమధ్య కొత్తవి పుట్టుకొస్తాయి, పాతవి రాలిపోతాయి. ఆ పొలుసుల మీది సన్నని చాళ్లు నీటి ఒరిపిడిని తగ్గిస్తాయని గ్రహించి, అదే తీరు చాళ్లున్న పొరను ఇప్పుడు కొన్ని విమానాల ఒంటికి అతికిస్తున్నారు.

కవచమంటే ఎంత గట్టిగా ఉండగలదో తెలియాలంటే అమెజాన్ నదిలోని అరపైమాను చూడాలి. పిరానాలు తిరిగే నీటిలో ఉండే ఆ పెద్ద చేప పొలుసు పది సెంటీమీటర్ల దాకా పొడవుంటుంది. పైన ఖనిజంతో నిండిన గట్టి పొర ఉంటుంది, కింద కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులు ప్లైవుడ్‌లో లాగా పొరపొరకూ దిశ మార్చుకుంటూ పేర్చి ఉంటాయి. పిరానా పన్ను దిగినప్పుడు పై పొర ఆ పంటినే విరగగొట్టేంత గట్టిగా నిలుస్తుంది, కింది పొర వంగి దెబ్బను పంచుకుంటుంది. ఉత్తర అమెరికాలోని గార్ చేప పొలుసులు మరీ గట్టివి, పలకల్లా ఒకదానిలో ఒకటి కొక్కెం వేసుకుని ఉంటాయి, అక్కడి ఆదివాసులు వాటిని బాణపు మొనలుగా వాడేవారు. అంత గట్టి కవచం తొడుక్కున్న గార్ రోహులాగా ఒంటిని మెలితిప్పలేదు. నీటి మొక్కల మధ్య కదలకుండా పొంచి ఉండి వేటాడే దానికి అది పెద్ద లోటు కాదు.

1830లలో లూయీ అగాసీ అనే ప్రకృతి శాస్త్రవేత్త పొలుసుల ఆకారాన్ని బట్టే చేపలన్నిటినీ నాలుగు వర్గాలుగా విభజించాడు. ఆ విభజన నిలబడలేదు. చదునుగా ఉండే కొన్ని సముద్రపు చేపల జాతుల్లో మగదాని పొలుసుకు అంచున పళ్లుంటాయి, ఆడదాని పొలుసు నున్నగా ఉంటుంది. అటువంటప్పుడు భార్యాభర్తలను వేర్వేరు వర్గాల్లో వేయవలసి వస్తుంది. అయినా ఆయన పెట్టిన పేర్లు మాత్రం నేటికీ మన పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి.

వయసు సంగతి మరోసారి రాస్తాను. ముందుగా మీ అమ్మాయిని నాలుగైదు రోహు పొలుసులు కడిగి, భూతద్దంతో చూడమనండి.

జవాబు 2
రాసినవారు: చెరువు గుత్తదారు, పిచ్చాటూరు మండలం

మాస్టారు గారు చెప్పినదానికి మా అనుభవం ఒకటి కలుపుతున్నాను. మేము అరణియార్ ప్రాజెక్టు కింద ఒక చిన్న చెరువును గుత్తకు తీసుకుని కట్ల, రోహు, బంగారుతీగ (కామన్ కార్ప్) పెంచుతున్నాము. పక్కనే నాగలాపురంలో వేదనారాయణస్వామి మత్స్యావతారంలో కొలువై ఉన్నాడు కనుక, చేపపిల్లలు వదిలే ముందు ఆ గుడికి వెళ్లి రావడం మా ఇంటి ఆనవాయితీ.

మొదటి ఏడాది మేము చేసిన తప్పు చెబుతాను. వేలెడు పిల్లలను గరుకు నూలు వలతో పట్టి, ఎండ నెత్తి మీదకు వచ్చే వేళకు వ్యానులో కిక్కిరిసేలా తెచ్చి, వచ్చినవి వచ్చినట్లే చెరువులో పోశాము. డబ్బా అడుగున పొలుసులు తవుడులా పేరుకుని ఉన్నాయి, అవి ఏమి చెబుతున్నాయో ఆనాడు మాకు అర్థం కాలేదు. నాలుగు రోజుల తర్వాత గట్టువారగా తేలిన పిల్లల ఒంటి మీద, సరిగ్గా పొలుసులు ఊడిన చోటనే, దూదిపింజలాంటి తెల్లని బూజు పట్టి ఉంది. సగానికి పైగా పోయాయి. పొలుసు ఊడడమంటే చర్మం చినగడమేనని మాస్టారు రాసిన వాక్యం చదివినప్పుడు నాకు ఆ డబ్బాయే గుర్తుకు వచ్చింది.

ఇప్పుడు ముడిలేని మెత్తని వల వాడుతున్నాము, తెల్లవారుజామునే పిల్లలను తరలిస్తున్నాము, వదిలే ముందు రెండు మూడు శాతం ఉప్పు కలిపిన నీటిలో కొద్ది నిమిషాలు ఉంచుతున్నాము. పిల్లలు తడబడితే వెంటనే మామూలు నీటిలోకి మార్చాలి. పెంపకందారులు కనిపెట్టవలసినది మరొకటి ఉంది. చేప పొట్ట ఉబ్బి, పొలుసులు ఒంటికి అంటుకుని ఉండకుండా నిక్కబొడుచుకుని లేస్తే, లోపల నీరు చేరిందని గుర్తు. అది పొలుసుల జబ్బు కాదు, లోపలి అవయవాలు దెబ్బతిన్న జబ్బు, చాలాసార్లు బాక్టీరియా వల్ల వస్తుంది. ఆ దశలో మందు కొనేందుకు పరుగెత్తే ముందు నీటిని చూడాలి, మత్స్యశాఖవారి సలహా తీసుకోవాలి.

మాస్టారు గారికి ఒక ప్రశ్న. మా వలలో అప్పుడప్పుడు ఒక బంగారుతీగ పడుతుంది. దానికి ఒంటి నిండా పొలుసులు ఉండవు, వెన్ను వెంబడి, పక్కన మాత్రం రూపాయి బిళ్లంత పెద్ద పొలుసులు నాలుగైదు ఉంటాయి. అది రోగమా, జాతి వేరా?

జవాబు 3
రాసినవారు: విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు

రోగం కాదు, జాతి కూడా వేరు కాదు, బంగారుతీగలోనే అద్దం కార్ప్ అనే రకం. మఠాల చెరువుల్లో ఈ చేపను తరతరాలుగా పెంచిన ఐరోపావారు, వంటకు సులువని తక్కువ పొలుసులున్న వాటిని ఏరి పెంచగా ఈ రకం స్థిరపడింది. 1939లో శ్రీలంక నుంచి నీలగిరులకు తెచ్చిన బంగారుతీగల్లో ఈ రకం ఉంది, ఒంటి నిండా పొలుసులున్న బ్యాంకాక్ రకం 1957లో వచ్చింది. ఒక జన్యువులో మార్పు వస్తే అద్దం కార్ప్ పుడుతుంది, దానికి తోడు మరో జన్యువు కలిస్తే దాదాపు పొలుసులే లేని తోలు కార్ప్ పుడుతుంది. ఆ రెండవ జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులుగా వస్తే మాత్రం పిల్ల బతకదు. పైగా తోలు కార్ప్ ఎదుగుదల కూడా మందం. పొలుసును శాసించే జన్యువు ఒంట్లో ఇంకా ఎన్నో పనులు చూస్తుందనడానికి ఇది నిదర్శనం. మీ చెరువులో పడినవి తినడానికి నిశ్చింతగా వాడుకోవచ్చు.

జవాబు 4
రాసినవారు: పులికాట్ ఒడ్డువాడు, తడ

మాది పులికాట్ సరస్సు మీద బతికే కుటుంబం. వల విదిలించినప్పుడు ఏ చేప పొలుసు ఎలా ప్రవర్తిస్తుందో మేము పుస్తకం చదవకుండానే నేర్చుకుంటాము. కవళ్లు పడిన రోజున చేతులు, పడవ, వల అన్నీ వెండి పూసినట్లు మెరుస్తాయి, ఎందుకంటే వాటి పొలుసులు ముట్టుకుంటేనే రాలిపోతాయి. వేటచేప నోట్లో పొలుసులు మాత్రమే మిగిల్చి జారిపోవడానికే ఆ ఏర్పాటని మా నాన్నగారు అనేవారు. అదే పండుగప్పను తీసుకుంటే పొలుసు ఒంటికి గట్టిగా పట్టుకుని ఉంటుంది, పైగా ఎదురు నిమిరితే వేళ్లకు గీసుకుంటుంది. మాస్టారు చెప్పిన పళ్ల అంచు పొలుసు అదేనని ఇప్పుడు తెలిసింది.

పొలుసు లేదనుకునే చేపలన్నిటికీ పొలుసు లేదని అనుకోకూడదు. వంజరం చర్మం నున్నగా ఉంటుంది, కొనేవారు పొలుసు తీయించమని అడగరు, కాని దానికి కంటికి ఆననంత చిన్న పొలుసులు ఉన్నాయి. వేగంగా దూసుకుపోయే చేపకు బరువైన పొలుసు అడ్డమే కదా. మలుగుపాము మరీ విచిత్రం. జిగురులో చేయి జారుతుంది, పాములా నున్నగా కనిపిస్తుంది. ఒకసారి చర్మాన్ని ఒలిచి ఎండబెట్టినప్పుడు లోపల చాప అల్లికలాగా అడ్డంగా, నిలువుగా పేర్చిన చిన్న పొలుసులు కనిపించాయి. అవి ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండవు, చర్మంలోనే పూడి ఉంటాయి. అది రాళ్ల సందుల్లో, బురద బొరియల్లో దూరి మెలికలు తిరగాలి కనుక, అంచులు పైకి లేచే పొలుసుతో దానికి కుదరదని నాకు అనిపిస్తుంది.

మళ్లీ అడిగినవారు: కొర్లగుంట గృహిణి

మీ అందరికీ కృతజ్ఞతలు. ఈ ఆదివారం మళ్లీ రోహే తెచ్చాము. మా అమ్మాయి పార్శ్వరేఖ మీది పొలుసులను అగ్గిపుల్లతో గుర్తు పెట్టుకుంటూ లెక్కపెట్టింది, 41 వచ్చాయి. తర్వాత పొలుసులు కడిగి భూతద్దం కింద పెడితే, మధ్యలో ఒక చుక్క, దాని చుట్టూ నీటిలో రాయి వేసినప్పటి అలల్లాగా లెక్కలేనన్ని సన్నని వలయాలు కనిపించాయి. అన్ని వలయాలు ఉంటే ఈ చేపకు వందేళ్లా అని అమ్మాయి అడుగుతోంది. ఇంకొక సంగతి, ఆరు పొలుసుల్లో ఒకదానికి మాత్రం మధ్య భాగమంతా వలయాలు లేకుండా, గరుకు గాజులా మసగ్గా ఉంది, అంచుల్లో మాత్రం వలయాలు ఉన్నాయి. అది ఎందుకలా ఉంది?

జవాబు 5
రాసినవారు: విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు

అమ్మాయికి నా ఆశీస్సులు చెప్పండి. లెక్క సరిగ్గా వచ్చింది.

సన్నని వలయాలు ఏడాదికి ఒకటి చొప్పున వచ్చేవి కావు, చేప పెరుగుతున్నంత కాలం ఒకదాని వెంట ఒకటి ఏర్పడుతూనే ఉంటాయి. మేత బాగా దొరికిన నెలల్లో వలయాల మధ్య ఎడం ఎక్కువగా ఉంటుంది, ఎదుగుదల మందగించిన కాలంలో అవి ఒత్తుగా చేరి చిక్కని పట్టీలా కనిపిస్తాయి. వయసుకు లెక్కించవలసింది ఆ పట్టీలను. చలికాలంలో నీరు గడ్డకట్టే దేశాల్లో చేప ఏడాదికి ఒకసారి తప్పనిసరిగా ఎదుగుదల ఆపుతుంది కనుక అక్కడ ఈ లెక్క చక్కగా కుదురుతుంది. మన ప్రాంతంలో వేసవిలో చెరువు ఎండి మేత తగ్గినా, గుడ్లు పెట్టే కాలంలో ఒంట్లో శక్తి అటు మళ్లినా పట్టీ పడవచ్చు, పెంపకపు చెరువులో ఏడాది పొడవునా తవుడు, నూనెచెక్క వేస్తే అసలు పడకపోవచ్చు. మీరు తెచ్చిన రెండు కిలోల రోహు పెంపకపు చెరువుదే అయితే దాని వయసు రెండు మూడేళ్లకు మించి ఉండదు.

మధ్యలో మసగ్గా ఉన్నది తిరిగి మొలిచిన పొలుసు. మొదటి పొలుసు ఎప్పుడో ఊడిపోయింది. వలకు తగిలి ఊడిందో, మరో చేప కొరికిందో చెప్పలేము. ఖాళీ అయిన సంచిలో కొత్త పొలుసు పక్క పొలుసుల పరిమాణాన్ని అందుకోవడానికి త్వరత్వరగా పెరుగుతుంది, ఆ తొందరలో మధ్యభాగంలో వలయాలు ఏర్పడవు. పరిమాణం అందుకున్న తర్వాతే మిగిలిన వాటిలాగా వలయాలు వేయడం మొదలుపెడుతుంది. వయసు చూసేటప్పుడు అటువంటి దాన్ని పక్కన పెట్టాలి. వెన్ను మీది వాజానికి కింద, పార్శ్వరేఖకు పైన ఉన్న చోట పొలుసులు తక్కువగా ఊడతాయి కనుక ఈసారి అక్కడివి పది తీసుకోండి. వాటిని గోరువెచ్చని నీటిలో నానబెట్టి, వేళ్లతో జిగురు పోయేలా రుద్ది, రెండు గాజు పలకల మధ్య పెట్టి దారంతో కట్టి ఆరనివ్వండి, లేకపోతే ఆరేసరికి చుట్టుకుపోయి అంచులు కనిపించవు.